2024 పాప్, ఎలక్ట్రానిక్ ఆల్బమ్‌లు: ఘాట్ బస్సుకు ఏది, గదికి ఏది

"2024లో వచ్చినవాటిలో ఒక్క ఆల్బమ్ చెప్పు, చాలు" అని అడిగేవాళ్ళను ముందు ఒక ఎదురు ప్రశ్న అడగాల్సి వస్తుంది: యాడ వింటావు, దేంట్లో వింటావు? సప్తగిరి ఎక్స్‌ప్రెస్‌లో కిటికీ పక్కన కూర్చుని వినేవాడికీ, బాలాజీ కాలనీలో అద్దె గదిలో రాత్రి పదకొండు దాటాక వినేవాడికీ, అమ్మానాన్నలను ఎక్కించుకుని చిత్తూరుకు కారు తోలేవాడికీ ఒకే ఆల్బమ్ కుదరదు. సంగటికి ఊరిబిండి, ఇడ్లీకి కారప్పొడి. రెండూ మంచివే, చోటు మారిస్తేనే రుచి చెడుతుంది.

సినిమా పాటకు ఈ బాధ లేదు. గొంతు, వేణువు, వయొలిన్ అన్నీ ఫోన్ స్పీకర్లో కూడా ఎంతో కొంత పలుకుతాయి. ఎలక్ట్రానిక్ సంగీతంలో సగం పని అడుగున జరుగుతుంది. కిక్ డ్రమ్ దెబ్బలో బరువంతా 50, 60 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది (హెర్ట్జ్ అంటే సెకనుకు ఎన్ని కంపనాలో ఆ లెక్క, అంకె తగ్గేకొద్దీ అడుగు స్వరం). ఫోన్ స్పీకర్లో 200 హెర్ట్జ్‌కు కింద దాదాపు ఏమీ రాదు. గంగమ్మ జాతరలో డప్పు చెవికంటే ముందు రొమ్ముకు తగులుతుంది చూడండి, ఆ తగలడమే ఈ ఆల్బమ్‌ల ప్రాణం. అది పోయాక మిగిలేది టిక్కుటిక్కుమనే మోత. ఆడలేక మద్దెల ఓడన్నారట గాని, ఇక్కడ చాలాసార్లు నిజంగానే మద్దెలే ఓడు. "ఆ ఆల్బమ్‌లో ఏముందప్పా, ఒకటే టపటప" అన్నవాళ్ళు దేంట్లో విన్నారో అడిగి చూడండి.

వినేముందు సరిచేసుకోవాల్సినవి

మొదటిది చెవిలో పెట్టుకునే రబ్బరు బిరడా. ఇయర్‌బడ్స్ డబ్బాలో మూడు సైజులు ఇస్తారు, ముందే తగిలించి ఉన్నది మధ్య సైజు. అది చెవికి బిగువుగా పట్టకపోతే 100 హెర్ట్జ్ కింద శబ్దం సందుల్లోంచి కారిపోతుంది. పరీక్ష సులువు: పాట నడుస్తుండగా రెండు బడ్స్‌నూ వేలితో రవంత లోపలికి నొక్కండి. బాస్ ఒక్కసారిగా పెరిగిందా, మీ సైజు తప్పు. పెద్దది వేసుకోండి. రెండు చెవులకు రెండు సైజులు పట్టేవాళ్ళు కూడా ఉంటారు, అందులో వింతేమీ లేదు. ఈ పని చేయకుండా ఈక్వలైజర్లో 'బాస్ బూస్ట్' నొక్కితే, కారిపోయేది ఎట్లాగూ కారిపోతుంది, 150 నుంచి 300 మధ్య ఉన్నది మాత్రం ఉబ్బి గొంతును మింగేస్తుంది.

రెండోది క్రాస్‌ఫేడ్. ఒక పాట చివరను తరువాతి పాట మొదలుతో కలిపేసే సెట్టింగ్ ఇది. పెళ్ళి విందులో పాటలు పెట్టడానికి బాగుంటుంది, ఆల్బమ్ వినడానికి కాదు. పాటకూ పాటకూ మధ్య కలయికను ఈ కళాకారులు సెకన్లు లెక్కపెట్టి కుదురుస్తారు. దాన్ని సున్నాకు తెచ్చి, పాటల మధ్య ఖాళీ రానివ్వని గ్యాప్‌లెస్ ఆన్ చేయండి.

మూడోది శబ్దాన్ని సమం చేసే నార్మలైజేషన్. స్పాటిఫైలో దీనికి మూడు మెట్లు ఉన్నాయి. 'లౌడ్' పెడితే లిమిటర్ పనిచేసి, మెల్లని చోట్లను పైకి లాగి, పెద్ద చోట్లను నొక్కేస్తుంది. 'నార్మల్' చాలు. ఇంకో సంగతి: ఆల్బమ్‌ను వరసలో పెడితే పాటల మధ్య హెచ్చుతగ్గులు కళాకారులు ఉంచినట్టే ఉంటాయి. షఫుల్లో పెడితే ఒక్కో పాటనూ విడిగా సమం చేస్తుంది కాబట్టి గుసగుస పాట, కేక పాట ఒకే ఎత్తులో వినిపిస్తాయి.

ఇక డేటా లెక్క. 320 కేబీపీఎస్ (సెకనుకు కిలోబిట్లు) నాణ్యతలో నిమిషానికి 2.4 ఎంబీ, అంటే 43 నిమిషాల ఆల్బమ్‌కు 103 ఎంబీ. 160లో దానికి సగం. సీడీ నాణ్యత కావాలంటే అదే ఆల్బమ్ 250 నుంచి 300 ఎంబీ తింటుంది. మామూలు బ్లూటూత్ ఇయర్‌బడ్స్‌లో సీడీ నాణ్యత పెట్టడం దండగ. బ్లూటూత్‌లో పాటను కుదించి పంపే ఎస్‌బీసీ కోడెక్ మోసేదే 328 కేబీపీఎస్ దాకా, కాబట్టి పెద్ద ఫైలు దింపుకున్నా దారిలో చిన్నదైపోతుంది. వైరు ఉన్న ఇయర్‌ఫోన్స్‌కో, ఎక్కువ డేటా మోసే ఎల్‌డీఏసీ కోడెక్ పట్టే హెడ్‌ఫోన్స్‌కో అయితే పెట్టుకోండి. తిరుమల ఘాట్ రోడ్డులో సిగ్నల్ వచ్చి పోతుంటుంది కాబట్టి ఇంట్లో వైఫైలోనే దింపుకోండి. నెలకు ఒక్కసారైనా యాప్‌ను ఇంటర్నెట్‌కు కలపకపోతే స్పాటిఫైలో దింపుకున్నవి తెరుచుకోవు. సరిగ్గా బస్సెక్కాక ఈ సంగతి తెలిసి గమ్మున కిటికీలోంచి చూస్తూ కూర్చునేవాళ్ళు చాలామంది.

మొదటి ఆల్బమ్: చార్లీయా, బిల్లీయా

ఇంగ్లీష్ పాప్‌కు కొత్తవాళ్ళకు ఈ రెండింట్లో ఒకటి ఇవ్వాలి. చార్లీ ఎక్స్‌సీఎక్స్ 'బ్రాట్' 2024 జూన్ 7న వచ్చింది, బిల్లీ ఐలిష్ 'హిట్ మీ హార్డ్ అండ్ సాఫ్ట్' అదే ఏడాది మే 17న. నిడివి రెండింటిదీ ఇంచుమించు ఒకటే, 40 నిమిషాల పైచిలుకు. 'బ్రాట్'లో 15 పాటలు, బిల్లీ ఆల్బమ్‌లో 10. పోలిక ఇక్కడితో సరి.

'బ్రాట్' క్లబ్బు గోడల మధ్య పుట్టిన సంగీతం. చిలకపచ్చ అట్ట మీద మసకగా నాలుగక్షరాలు, అంతే. లోపల సింథసైజర్ గొంతులు గరుకుగా, ముక్కుసూటిగా, తలుపు తోసుకుని వచ్చినట్టు ఉంటాయి. సాహిత్యం మాత్రం ఆ ఆర్భాటానికి పూర్తిగా ఎదురు. తోటి గాయని మీద అసూయ, పిల్లల్ని కనాలా వద్దా అన్న సందిగ్ధం, 2021 జనవరిలో చనిపోయిన నిర్మాత సోఫీ గురించి 'సో ఐ' అనే పాటలో సరిగ్గా చెప్పుకోలేకపోయిన దుఃఖం. చిందులేసే తాళం మీద ఇంత ఒంటరితనం పెట్టడం వల్లే ఈ ఆల్బమ్ ఆ ఏడాదికి గుర్తుగా మిగిలింది. కాలిన్స్ నిఘంటువు 2024కు తన మాటగా ఎంచుకున్నది కూడా 'బ్రాట్' అన్న పదాన్నే. 2025 ఫిబ్రవరి గ్రామీల్లో ఉత్తమ డాన్స్, ఎలక్ట్రానిక్ ఆల్బమ్ ఇదే. ఓడినవాటిలో మూడింటి పేర్లు కింద వస్తాయి, ఓడినంత మాత్రాన తీసిపారేయకండి.

ఒక చిక్కు ఉంది. ఈ ఆల్బమ్ మూడు రూపాల్లో దొరుకుతుంది. 15 పాటలది అసలు. మూడు రోజుల తరువాత ఇంకో మూడు పాటలు కలిపి ఒకటి. అక్టోబరు 11న వేరే గాయకులతో తిరగరాసిన రీమిక్సులతో ఇంకొకటి, దాని జాబితా చాంతాడంత ఉంటుంది. కొత్తవాళ్ళు వెతికినప్పుడు పైన కనబడేది నొక్కి, రీమిక్సులు ముందు విని, ఏమీ అర్థం కాక వదిలేస్తారు. అసలు 15 పాటల ఆల్బమ్‌ను కనీసం మూడుసార్లు విన్నాకే మూడోదానికి వెళ్ళండి. 'గర్ల్, సో కన్‌ఫ్యూజింగ్' పాటలో ఎవరి గురించి అనుమానపడిందో, ఆ తోటి గాయని లార్డ్ చేతనే రీమిక్సులో జవాబు పాడించింది. అసలు పాట వినకుండా ఆ జవాబు వింటే తీర్పు చదివి దావా వదిలేసినట్టు ఉంటుంది.

బిల్లీ ఆల్బమ్ తత్త్వం వేరు. ముందుగా ఒక్క సింగిల్ కూడా వదలకుండా మొత్తం ఒకేసారి విడుదల చేశారు, మొత్తంగానే వినాలని. నిర్మాత ఆమె అన్న ఫినియస్. కొన్ని పాటల్లో అట్టకా క్వార్టెట్ తీగ వాద్యాలు వాయించింది. ఇందులో ఎలక్ట్రానిక్ భాగం దొంగచాటుగా వస్తుంది. 'లామూర్ ద మా వీ' మెల్లగా, పాతకాలపు హోటల్లో పాడే పాటలా నడిచి, సగం దాటాక ఒక్కసారిగా సింథసైజర్ల పరుగైపోతుంది. 'చిహిరో'లో అడుగు స్వరం నిమిషాల తరబడి నీరు ఎక్కినట్టు ఎక్కుతుంది. 'ద గ్రేటెస్ట్' గుసగుసతో మొదలై చివర విరుచుకుపడుతుంది. ఇందాక నార్మలైజేషన్ గురించి చెప్పింది ఇట్లాంటి పాటల కోసమే. మెల్లని చోట శబ్దం పెంచుకుంటే, ఆఖరి నిమిషంలో చెవులు పగులుతాయి. పెద్ద చోటుకు తగ్గట్టు ముందే శబ్దం పెట్టుకుని, మొదట్లో రవంత చెవి ఒగ్గి వినండి.

మా తీర్పు: ఇయర్‌బడ్స్ మాత్రమే ఉండి, గది ప్రశాంతంగా ఉంటే బిల్లీ. చుట్టూ మోత ఉండి, ఒంటికి ఊపు కావాలంటే చార్లీ. రెండూ నచ్చినవాళ్ళకు వీళ్ళిద్దరూ కలిసిన 'గెస్' రీమిక్స్ ఉంది. ఇది చెప్పడం మరిచిపోకూడదు: 'బ్రాట్'లో మత్తుమందుల ప్రస్తావనలు, 'గెస్'లోనూ బిల్లీ పాట 'లంచ్'లోనూ పచ్చి శృంగారం ఉన్నాయి. హాల్లో స్పీకర్ మీద పెట్టేముందు ఇంట్లో ఎవరున్నారో చూసుకోండి. యాప్‌లో అట్లాంటి పాటలను ఆపే మీట కూడా ఉంటుంది, కాని అది వేస్తే 'బ్రాట్'లో చాలా పాటలు ఎగిరిపోతాయి.

బస్సుకు, రైలుకు

తిరుపతి నుంచి తిరుమలకు బస్సు ముప్పావు గంట అటూ ఇటూ. కొండ ఎక్కేటప్పుడు ఇంజను తక్కువ గేర్లో గుర్రుమంటూనే ఉంటుంది. ఆ గుర్రు కూడా అడుగు స్వరమే, సరిగ్గా బాస్ ఉండే చోటునే కప్పేస్తుంది. కాబట్టి సున్నితమైన బాస్ ఉన్నవి ఇక్కడ పెట్టొద్దు. మధ్య స్వరాల్లో బలం ఉన్నవి పెట్టాలి.

దానికి తగినది జస్టిస్ 'హైపర్‌డ్రామా'. ఫ్రెంచి జంట, ఏప్రిల్ 26న వచ్చింది, 13 పాటలు. స్టూడియో ఆల్బమ్‌గా 2016 తరువాత ఇదే. డిస్కో తీపినీ, గ్యాబర్ అనే మొరటు హార్డ్‌కోర్ బాదుడునూ పక్కపక్కన పెట్టి పోట్లాడించడం దీని ఆట. 'జనరేటర్' వింటే ఆ బాదుడు ఏమిటో తెలుస్తుంది. టేమ్ ఇంపాలా పాడిన 'నెవరెండర్' మెత్తగా మొదలుపెట్టడానికి మంచి తలుపు, గ్రామీ కూడా దానికే వచ్చింది. వక్రీకరించిన సింథ్ శబ్దాల్లో పై స్వరాలు దండిగా ఉంటాయి కాబట్టి ఇంజను మోతను దాటి వినబడుతుంది. లోపం కూడా అదే: నిశ్శబ్దంగా ఉన్న గదిలో పెద్ద శబ్దంతో వింటే ఇరవై నిమిషాలకే చెవి అలసిపోతుంది. రెండో సగంలో మాటలు లేని ముక్కలు కొన్ని అంత పట్టుగా లేవు, ఘాట్ మలుపుల్లో ఆ సంగతి పెద్దగా తెలియదు.

చెన్నై రైలుకు మూడు గంటల పైన పడుతుంది, అక్కడ లెక్క వేరు. పుత్తూరు దాటేదాకా జనం ఎక్కుతూ దిగుతూ ఉంటారు, తరువాత రైలు తాళం ఒకే తీరున సాగుతుంది. అప్పుడు జేమీ ఎక్స్‌ఎక్స్ 'ఇన్ వేవ్స్'. సెప్టెంబరు 20న వచ్చింది. దీనికి ముందరి సోలో ఆల్బమ్ 2015ది, అంటే తొమ్మిదేళ్ళ ఎదురుచూపు. 12 పాటలు. రాబిన్, హనీ డిజాన్, అవలాంచెస్ లాంటివాళ్ళు తోడు పాడారు, వాయించారు. తన బృందం 'ద ఎక్స్‌ఎక్స్'లోని రోమీ, ఆలివర్ సిమ్ 'వెయిటెడ్ ఆల్ నైట్'లో కలిశారు. పేరుకు తగ్గట్టే అల ఎగిసి, విరిగి, వెనక్కి లాగుతుంది. పాత సోల్ గొంతుల ముక్కలు పట్టుకుని కొత్త తాళం మీద తిప్పడం ఇతనికి చేతనైన విద్య.

అదే రైల్లో ఫ్రెడ్ అగైన్ 'టెన్ డేస్' పెట్టుకోవచ్చా? పెట్టుకోవచ్చు. సెప్టెంబరు 6న వచ్చింది. పది రోజుల నుంచి పది పాటలు, ఒక్కో పాటకూ ముందు ఒక చిన్న ముక్క, మొత్తం 20 వరసలు. చిన్న ముక్కలు కొన్ని సెకన్లలోనే అయిపోతాయి. షఫుల్ పెడితే ఆ ముక్కలే ఒకదాని వెనక ఒకటి వచ్చి, పాట ఎప్పుడు మొదలవుతుందా అని చూస్తూ ఉండాల్సి వస్తుంది. వరసలోనే వినండి. ఎమీలూ హారిస్ లాంటి జానపద, కంట్రీ గాయని గొంతు ఇందులో వినబడటం ఒక మంచి ఆశ్చర్యం. జేమీతో పోలిస్తే మనసు జాస్తి, పనితనం తక్కువ. ఏడుపు వచ్చే రోజైతే ఫ్రెడ్, కాకపోతే జేమీ.

ప్రయాణాల్లో శబ్దం గురించి ఒక మాట. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో 80 డెసిబెల్స్ వారానికి 40 గంటలు వినొచ్చు, 90 అయితే 4 గంటలే. బస్సు మోతను దాటాలని శబ్దం పెంచేవాళ్ళు తెలియకుండానే రెండో లెక్కలోకి పోతారు. బయటి మోతను తగ్గించే ఏఎన్‌సీ ఉన్నవి ఇక్కడ విలాసం కాదు, చెవికి కాపు. ద్విచక్ర వాహనం మీద మాత్రం ఏ ఆల్బమూ వద్దు. అలిపిరి మెట్ల మీదా అంతే, 3,550 మెట్ల పొడవునా గోవింద నామం వినబడుతుంటే చెవులు మూసుకుని చేసేదేముంది.

గదిలో స్పీకర్లు ఉంటే

ఎక్కువమంది ఖర్చు పెట్టేదీ, తప్పు చేసేదీ ఇక్కడే. తిరుపతిలో కొత్త అపార్ట్‌మెంట్ పడకగది మామూలుగా 10 అడుగులకు 12 అడుగులు. కాంక్రీటు పైకప్పు, టైల్స్ నేల, నునుపైన గోడలు. ఇట్లాంటి గదిలో గోడకూ గోడకూ మధ్య శబ్దం నిలబడిపోతుంది. 12 అడుగుల వైపు దాదాపు 47 హెర్ట్జ్ దగ్గర, 10 అడుగుల వైపు 56 దగ్గర. కిక్ డ్రమ్ కూర్చునే చోటు కూడా సరిగ్గా అదే. ఫలితం: గోడకు ఆనుకుని కూర్చున్నవాడికి బాస్ గుండెల్ని పిండుతుంది, గది నడిమధ్య కూర్చున్నవాడికి మాయమవుతుంది. స్పీకర్ పాడైందనుకుని దుకాణానికి మోసుకుపోయేవాళ్ళు ముందు కుర్చీ జరిపి చూడాలి.

చేయాల్సింది ఇంతే. అడుగు స్వరాలకు వేరే పెట్టే సబ్‌ఊఫర్ స్పీకర్‌ను మూలలో పెట్టొద్దు, మూల అంటే మూడు తలాల కలయిక, బాస్ ఉబ్బుతుంది. స్పీకర్లను గోడకు కనీసం ఒక అడుగు ముందుకు లాగండి. కూర్చునే చోటు వెనక గోడ నుంచి గది పొడవులో మూడో వంతు దగ్గర, అంటే 12 అడుగుల గదిలో నాలుగు అడుగుల దగ్గర ఉండాలి. వెనక గోడకు దూది పరుపు నిలబెడితే పై స్వరాల గలగల తగ్గుతుంది. 50 హెర్ట్జ్‌ను మాత్రం పరుపు ఆపలేదు, దానికి చోటు మార్చడమే మందు.

ఇంత చేశాక వినడానికి రెండు ఆల్బమ్‌లు: ఫోర్ టెట్ 'త్రీ', ఫ్లోటింగ్ పాయింట్స్ 'కాస్కేడ్'. రెండిట్లోనూ పాడే గొంతు పెద్దగా ఉండదు. రెండూ ఇంగ్లండు మనుషులవే. పోలికలు చూసి ఒకటి వింటే రెండోది విన్నట్టే అనుకుంటే పప్పులో కాలేసినట్టే.

'త్రీ' మార్చి 15న వచ్చింది, 8 పాటలు, ముప్పావు గంట. ఫోర్ టెట్ అంటే కీరన్ హెబ్డెన్. తల్లి వైపు మూలాలు భారతదేశానివి. 2015లో లతా మంగేష్కర్ గొంతును పట్టుకుని ఒక ఆల్బమ్ కట్టినవాడు. ఈ ఆల్బమ్‌లో తాళం చేతితో వాయించినట్టు వదులుగా, పైన చిన్న చిన్న మెరుపులు రాలుతున్నట్టు ఉంటుంది. చివరి పాట 'త్రీ డ్రమ్స్' ఎనిమిది నిమిషాలు. డ్రమ్స్ మొదట ఒంటరిగా ఉండి, తరువాత మేఘం కమ్మినట్టు సింథ్ కమ్ముతుంది. ఇది మామూలు స్పీకర్లలో కూడా నష్టపోదు. రాత్రి తక్కువ శబ్దంతో, పక్కింటివాళ్ళు తలుపు కొట్టకుండా వినగలిగేది ఇదే. చదువుకునేటప్పుడు కూడా. ఎస్వీయూ పరీక్షల కాలంలో ఎవరైనా అడిగితే ఇంకేదీ చెప్పం.

'కాస్కేడ్' సెప్టెంబరు 13న వచ్చింది, 9 పాటలు. సామ్ షెపర్డ్ న్యూరోసైన్స్‌లో డాక్టరేట్ చేసినవాడు, మాంచెస్టర్ మనిషి. పాటల పేర్లూ ఆ ఊరివే: 'కీ103' అక్కడి పాత రేడియో పేరు, 'అఫ్లెక్స్ ప్యాలెస్' అక్కడి అంగడి పేరు. అంతకు మూడేళ్ళ ముందు సాక్సాఫోన్ వాద్యకారుడు ఫరోవా శాండర్స్‌తో, లండన్ సింఫనీ ఆర్కెస్ట్రాతో దాదాపు నిశ్శబ్దమైన ఆల్బమ్ చేశాడు, ఇది దానికి పూర్తిగా తలకిందులు. నాట్యస్థలం కోసం కట్టిన యంత్రం ఇది. పాటలు పొడుగ్గా ఉంటాయి, ఒకే నమూనా రవంత రవంత మారుతూ పోతుంది. ఆ మార్పులే అసలు కథ. సబ్‌ఊఫర్ లేకుండా వింటే మార్పులు వినబడవు, "మళ్ళీ అదేగా" అనిపిస్తుంది. గది సరిచేసుకున్నవాళ్ళకు, పగటిపూట, తలుపులు వేసి, శబ్దం పెంచి వినడానికి ఇది. కిటికీ అద్దాలు గలగలమంటే గ్రిల్లుకూ అద్దానికీ మధ్య కాగితం మడత పెట్టండి. అద్దం చప్పుడును ఆల్బమ్‌లో హైహ్యాట్ (డ్రమ్స్‌లో ఇత్తడి తాళాలు) అనుకునే ప్రమాదం నిజంగానే ఉంది.

తెల్లవారుజాము సంగతి

జాన్ హాప్‌కిన్స్ 'రిచువల్' ఆగస్టు 30న వచ్చింది. 41 నిమిషాలు, ఎనిమిది భాగాలు, నిజానికి ఒకటే ముక్క. తాళం మెల్లగా పుట్టి, గుండె చప్పుడంత పెరిగి, విరిగి, చివరకు పియానోలో కరిగిపోతుంది. దీన్ని భాగాలుగా వినడానికి వీల్లేదు. ఉచిత ఖాతాలో వింటే ఐదో భాగంలో, సరిగ్గా పైకెక్కే చోట, ఏదో ప్రకటన వచ్చి పడొచ్చు. అందుకే డబ్బు కట్టిన ఖాతా లేకపోతే దీన్ని పక్కన పెట్టండి. మిగతా ఆల్బమ్‌లకు ప్రకటన విసుగు, దీనికి విషం.

కారులో, దుకాణంలో

తిరుపతి నుంచి చిత్తూరుకు 70 కిలోమీటర్లు, గంటన్నర. పెద్దవాళ్ళు వెనక సీట్లో ఉంటే మాటలు లేనివే మేలు, 'త్రీ' వాళ్ళను నిద్రపుచ్చుతుంది కూడా. స్నేహితులతో అయితే డువా లీపా 'రాడికల్ ఆప్టిమిజమ్'. మే 3న వచ్చింది, 11 పాటలు, 36 నిమిషాలు. నిర్మాతలు కెవిన్ పార్కర్ (టేమ్ ఇంపాలా అంటే ఇతనే), డానీ ఎల్ హార్ల్ చేతులు పడ్డాయి. బాస్ గిటారు ముందుకు వచ్చి కారులో హాయిగా ఉంటుంది. అయితే రెండోసారి వినేసరికి కొత్తగా దొరికేది తక్కువ. సబ్రీనా కార్పెంటర్ 'షార్ట్ ఎన్ స్వీట్' కూడా 36 నిమిషాలే, ఆగస్టు 23న వచ్చింది, 12 పాటలు. ఎలక్ట్రానిక్ కంటే పాప్, కొంచెం కంట్రీ వాసన. మాటల్లో చమత్కారం ఉంది, ఇంగ్లీష్ ద్వంద్వార్థాలు పట్టుకోగలిగితేనే. పట్టుకోగలిగినవాళ్ళు పెద్దవాళ్ళ ముందు పెట్టరు.

కారులో బాస్ పెంచితే తలుపు బరబరమంటుంటే స్పీకర్ను తిట్టకండి. తలుపు లోపలి ప్యానెల్‌ను పట్టుకునే ప్లాస్టిక్ క్లిప్పులు వదులై ఉంటాయి, చేత్తో ప్యానెల్‌ను నొక్కితే మోత ఆగితే దోషం వాటిదే. క్లిప్పులు మార్చడం చవక పని. అప్పటిదాకా ఈక్వలైజర్లో 60 హెర్ట్జ్ మీటను మూడు డెసిబెల్స్ తగ్గించుకోండి.

గాంధీ రోడ్డులో బట్టల దుకాణం ఉండి, కుర్రాళ్ళను ఆకట్టుకోవాలంటే కేట్రనాడా 'టైమ్‌లెస్' చాలా నప్పుతుంది. హౌస్ అనే క్లబ్బు తాళం మీద ఆర్ అండ్ బీ గొంతులు, అరుపులు లేవు, బేరం మాటలు మునగవు. కాని వ్యక్తిగత యాప్ ఖాతాతో దుకాణంలో పాటలు పెట్టడం ఆ యాప్ షరతులకు విరుద్ధం. అంతేకాక దుకాణంలో రికార్డు పాటలు పెట్టాలంటే పీపీఎల్, ఐపీఆర్‌ఎస్ లాంటి సంస్థల లైసెన్సులు కావాలి.

కథ కావాలంటే

మాటలకూ కథకూ విలువిచ్చేవాళ్ళకు మాగ్డలీనా బే 'ఇమాజినల్ డిస్క్'. మీకా టెనెన్‌బామ్, మాథ్యూ లూయిన్ జంట, ఆగస్టు 23న వచ్చింది, 15 పాటలు, 53 నిమిషాలు. ట్రూ అనే ఆమె నుదుట్లో ఒక డిస్క్ దూర్చి కొత్త మనిషిని చేయబోతే, ఆమె ఒళ్ళు దాన్ని ఒప్పుకోకపోవడం కథ. ఒక పాట చివరి స్వరం తరువాతి పాటలో మొలకెత్తుతుంది, పాత డిస్కో, ప్రోగ్ రాక్, మెరిసే సింథ్ పాప్ అన్నీ అతుకు తెలియకుండా కలిశాయి. మొదటిసారి విన్నప్పుడు జాస్తి తీపి అనిపిస్తుంది. నాలుగోసారికి 'టన్నెల్ విజన్' చివర్లో ఏం జరుగుతోందో తెలుస్తుంది. ఈ జాబితాలో నెమ్మదిగా పండేది ఇదొక్కటే. గ్రామీ ఆల్బమ్ పోటీలో దీని పేరే లేదు. మాకైతే 'బ్రాట్' పక్కన కూర్చోబెట్టదగ్గది ఇదే.

నచ్చినదాన్ని ఎల్‌పీ రికార్డుగా కొనాలా అని అడుగుతారు. ఒక వైపు 22 నిమిషాలు దాటితే గాడులు ఇరుకై శబ్దం పలచబడుతుంది, అందుకని 43 నిమిషాల బిల్లీ ఆల్బమ్ ఒక్క రికార్డులో హాయిగా పడుతుంది, 53 నిమిషాల మాగ్డలీనా బేకు రెండు కావాలి. ప్లేయరు, సూది, ఆంప్లిఫైయరు లేనివాళ్ళు రికార్డుతో మొదలుపెడితే గోడకు బొమ్మ కొన్నట్టే. ఉన్నవాళ్ళకు ఒకటే హెచ్చరిక: మే నెలలో కొరియర్ బాయ్ ఇచ్చిన ప్యాకెట్‌ను కారు సీటు మీద పెట్టి టిఫిన్‌కు పోవద్దు. మూసిన కారులో ఎండ వేడికి రికార్డు అరగంటలో అప్పడంలా వంకర తిరుగుతుంది. బరువు పెట్టి చదును చేసినా గాడి మునుపటిలా ఉండదు, సూది ప్రతి చుట్టుకూ ఒకసారి ఎగిరి పడుతూనే ఉంటుంది.